మేనేజరు మీసం, మా ఆవిడ బొట్టు

కువైటులో మా ఆఫీసు మేనేజరుకు ఒక మీసం ఉండేది. అలాంటిలాంటి మీసం కాదు, రెండు కొసలకూ ఉయ్యాలలు కట్టి పిల్లల్ని ఊపొచ్చు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను ఆ మీసంతోనే మాట్లాడాను. మనుషుల కళ్లలోకి చూస్తే నాకు వెల్డింగు మంట చూసినట్టుంటుంది. చెప్పాల్సిన మాట అక్కడే ఆవిరైపోతుంది. ఆయనకేమో ప్రతి ఉద్యోగీ తన కళ్లలోకి చూసి, నవ్వి, చెయ్యి కలిపి, ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, మళ్లీ ఆరోగ్యం అడిగితేగానీ తెల్లవారినట్టు కాదు. ఒకరోజు ఆయన మీసం తీయించుకుని వచ్చాడు. ఆ వారమంతా నాకు నోరు పెగల్లేదు. పక్షవాతమేమోనని ఆఫీసంతా పరామర్శకు వచ్చింది. వాళ్లందరితోనూ మళ్లీ చెయ్యి కలపాల్సి వచ్చింది.

ఇంట్లో బొట్టు. మా ఆవిడది రాయచోటి. హవల్లీలో మా గదికి దగ్గర్లోనే ఒక కువైటీ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. శుక్రవారమొస్తే మన జిల్లా వాళ్ల గదులన్నీ తిరగాలి, గదికొక టీ తాగాలి. బయటికి రాగానే మొదలు: "మనిషి మొకం సూసి మాట్లాడబ్బా! ఆడ నేలలో ఏం పోగొట్టుకున్నావని ఎతుకుతాండావ్?" అందుకని తనతో మాట్లాడేటప్పుడు తన బొట్టు చూసేవాణ్ణి. కొత్తలో కళ్లలోకే చూస్తున్నాననుకుని సిగ్గుపడేది. అసలు సంగతి చెప్పేంత తిక్కోణ్ణి కాదు నేను.

దీన్ని ఆటిజం అంటారని మొన్నమొన్న, జుట్టు నెరిశాక, ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పట్లో దీనికి ఆఫీసులో పొగరు అని పేరు, అత్తగారింట్లో తిక్క అని పేరు.

అలా ఉండగా 1990లో ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. ఆఫీసు మూతబడింది. చూస్తుండగానే కువైటు మొత్తం నాలాగా మారిపోయింది! ఎవరూ ఎవరింటికీ పోరు. చెయ్యి కలపరు. కిటికీలు తెరవరు. రోజూ అదే పప్పు, అదే అన్నం. వీధిలో ఎదురైతే నేల చూసుకుంటూ పోతారు. ట్యాంకుల మోత ఒక్కటి లేకపోతే, అది మాత్రం నా పుర్రెలో రోడ్డు వేస్తున్నట్టుండేది, నా అంత సుఖపడ్డవాడు ఆ దేశంలో ఉండేవాడు కాదు.

మా ఆవిడకు మాత్రం కాలు నిలవలేదు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయే బస్సులో సీట్లు సంపాదించింది. బస్సుల్ని దారిలో సిపాయిలు ఆపుతారని, అనుమానమొస్తే మనిషిని దించేసి బస్సును పంపించేస్తారని ఎవరో చెప్పారు.

"దొంగ మాదిరి దిక్కులు సూసినావంటే నిన్ను దించేస్తారు. నన్నొక్కదాన్నే పంపించి నువ్వాడ కూసోని ఏం చేస్తావ్?" అంది. వెంటనే చపాతీ కర్ర తీసి నా పొట్టకు గురిపెట్టింది. "ఇఖామా!" అని గర్జించింది. నేను బొట్టు చూడాలి, నవ్వాలి, గుర్తింపు కార్డు ఇవ్వాలి. "నవ్వమంటే పన్ను నొప్పి మొకం పెడతావేంది? మళ్లీ!" ఏ సైన్యమూ అంత కసరత్తు చేసి ఉండదు.

బస్సు జహ్రా ఊరు దాటాక ఆగింది. ఒక సిపాయి ఎక్కాడు. అంతే, బస్సులో ఉన్నవాళ్లంతా తలలు దించేశారు. నేనొక్కణ్ణే ఎత్తాను. అతనికి బొట్టు లేదు కాబట్టి బొట్టుండాల్సిన చోట చూపు దిగ్గొట్టి, నేర్చుకున్న నవ్వు మొత్తం నవ్వాను.

అతను నుదురు తుడుచుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఏం చూస్తున్నావ్?" అన్నాడు అరబ్బీలో.

కసరత్తులో ఆ ప్రశ్న లేదు. ఇంకొంచెం నవ్వాను. అతను నా కాలరు పట్టి లేపాడు. "యల్లా! దిగు!"

"తల దించబ్బా!" మా ఆవిడ కేక.

"నువ్వే కదా చూడమన్నావ్?" అన్నాను, చూపు తిప్పకుండా.

"ఇప్పుడు సూడొద్దంటాండా! నీకు పుణ్యముంటాది, ఎప్పటి మాదిరే ఉండు!"

ఎప్పటి మాదిరే ఉండమని నాతో ఎవరూ, ఎన్నడూ అనలేదు. తల దానంతటదే వాలిపోయింది. వేళ్లు తొడ మీద దరువు మొదలుపెట్టాయి. ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగింది. తను నా భుజం మీద చెయ్యేసి, పనిచేసే ఇంట్లో పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో, "ఖలాస్ బాబా, ఖలాస్. ఇంక చాలు. ఈయన ఇంతే," అంది అరబ్బీలో. ఆ మాట నాకో, సిపాయికో, తనకో తెలియదు.

కాలరు వదిలాడు. అతని బూట్లు కాసేపు నా ముందే నిలబడి, దిగిపోయాయి. దిగేటప్పుడు కూడా నుదురు తడుముకున్నాడట, మా ఆవిడ చెప్పింది.

బస్సు కదిలాక తను నుదుటి మీది బొట్టు స్టిక్కరు ఊడదీసి, మా ముందు సీటు వీపుకు అంటించింది.

"ఇదో, మాట్లాడాలనిపిస్తే దీన్ని సూసి మాట్లాడు. లేదంటే లేదు."

బాగ్దాద్ దాకా నేను దానితోనే మాట్లాడాను. తను కిటికీలోంచి ఎడారి చూస్తూ అన్నిటికీ బదులు చెప్పింది.