కానిస్టేబుల్ సొలొమోను భార్య

సొలొమోను పోయిన ఏడాదికే జగ్గయ్యపేట సెంటర్లో అతని విగ్రహం లేచింది. బజారు వర్తకులు తలా కొంత వేసుకుని పెట్టించారు. చేసినవాడు మనిషిని ఎరగడు కాబట్టి గుబురు మీసాలూ, వెడల్పాటి ఛాతీ పెట్టాడు. అసలు సొలొమోను బక్కపలచటివాడు. కాస్త వంగి నడిచేవాడు.

తొంభై ఆరులో గరికపాడు దగ్గర హైవే మీద బళ్ళు తనిఖీ చేస్తుండగా, దొంగ బియ్యం లారీ ఒకటి ఆగకుండా మీదికొచ్చింది. మిట్టమధ్యాహ్నం అందరూ చూస్తుండగానే ప్రాణం పోయింది. అతని ఉద్యోగానికి బదులుగా భార్య ఆరోగ్యమ్మకి నందిగామ స్టేషన్లో మహిళా కానిస్టేబుల్‌గా పోస్టింగిచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. చంకలో పసిపిల్ల సునీత, ఇంట్లో అత్తగారు పున్నమ్మ. వద్దనడానికి దారి లేదు. ఖాకీ చీర కట్టుకోవడం నేర్చుకుంది.

రోజూ పేట నుంచి నందిగామకి బస్సు. సీటు లేకపోతే ఎవరో ఒకరు లేచి నిలబడేవారు. "సొలొమోను గారి భార్యండీ" అని పక్కవాళ్ళకి చెప్పేవారు. ఒకసారి కండక్టరు ఏదో జోకేస్తే బస్సంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ నవ్వు పున్నమ్మ చెవిన పడి ఉంది. ఆమె తిట్టలేదు. అన్నం పెడుతూ, ఊళ్ళో మన ఇంటికో పేరుందమ్మా అంది, అంతే. ఆ తర్వాత ఆరోగ్యమ్మ కిటికీ పక్క సీటు చూసుకుని బయటికి చూస్తూ కూచోవడం అలవాటు చేసుకుంది.

రెండుసార్లు బదిలీ అడిగింది. ఎస్సై మంచివాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ కాదన్నాడు. ఇక్కడైతే అందరూ కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటారు, ఎవరూ ఎరగని చోటికెళ్ళి ఏం చేస్తావమ్మా అన్నాడు. ఎవరూ ఎరగని చోటే తనకి కావాలని ఆమె ఎలా చెబుతుంది?

ఏటా అక్టోబరు ఇరవై ఒకటిన, పోలీసు అమరవీరుల దినం నాడు, విగ్రహం ముందు షామియానా వేసి, ముందు వరసలో ఆమెని కూచోబెట్టేవారు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు, సొలొమోను లారీకి ఛాతీ ఎదురొడ్డి నిలిచాడని చెప్పేవారు. మొదట్లో అది నిజం కాదని ఆమెకు తెలుసు. లారీ గుద్దిన రోజు పక్కనే ఉన్న కానిస్టేబుల్ కృష్ణయ్య, వారం తిరక్కుండా ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పి ఏడ్చి వెళ్ళాడు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకే అనుమానమొచ్చింది. కళ్ళు మూసుకుంటే మీసాల బొమ్మ కనబడేది. మొగుడి గొంతు ఎలా ఉండేదో గుర్తు రావడం మానేసింది.

రెండువేల అయిదులో, ఈసారి మీరూ నాలుగు మాటలు చెప్పాలమ్మా అని, మాటలు రాసిన కాగితం చేతికిచ్చారు. ఆమె మైకు ముందు నిలబడి కాగితం మడిచేసింది.

"మా ఆయన చావడానికి నిలబడలేదండీ" అంది. "లారీ ఆగదని తెలిసి పక్కకి దూకాడు. కంకర మీద కాలు జారింది. ఇంటికి రావాలనే దూకాడండీ."

ఎస్సై ముందు తేరుకుని చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ కొట్టారు. తర్వాతి వక్త లేచి, ఛాతీ ఎదురొడ్డిన సంగతే మళ్ళీ చెప్పాడు. మర్నాడు పేపర్లోనూ అదే వచ్చింది.

సభ నాటి సాయంత్రం ఇంట్లో పున్నమ్మ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

"నా కొడుకు పిరికోడంటావా అంతమందిలో?"

"బతకాలనుకున్నాడంటన్నా అత్తయ్యా. మనకోసం."

పున్నమ్మ అన్నానికీ లేవలేదు. సునీతకి తొమ్మిదేళ్ళు. పుస్తకం పక్కన పెట్టి తల్లి దగ్గరికి జరిగింది.

"నాన్న ఎటు దూకాడమ్మా?"

"ఎడం పక్కకి. పొలాలున్నాయటు."

ఇంకా అడిగింది పిల్ల. నాన్నకి ఏం కూర ఇష్టం, కోపమొస్తే ఏమనేవాడు, పాటలొచ్చా. చాలాసేపు ఆలోచించి, చర్చిలో పాడేవాడంది ఆరోగ్యమ్మ. ఎలా పాడేవాడో మాత్రం చెప్పలేకపోయింది.

గోడవైపు నుంచి పున్నమ్మ గొంతు వచ్చింది. "పాటేంటి, కేకలు. పక్కోళ్ళు ఇంకో వరసలోకి పోయేవోళ్ళు."

అప్పుడు ఆరోగ్యమ్మకి వినబడింది ఆ గొంతు. శ్రుతీ తాళం లేకుండా, కీచుగా. నవ్వు ఆగక చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇరుగుపొరుగు వింటారు మరి.