బోరు పైపు కుదుపు

మోటరు వేసేటప్పుడు బోరు పైపు మీద అరచెయ్యి పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. పచ్చ బటన్ నొక్కగానే భూమి లోపల ఎక్కడో మోటరు తిరగడం మొదలుపెడుతుంది, పైన పైపు ఒక్క కుదుపు కుదుపుతుంది. మోటరు ఒకవైపు తిరగబోతే పైపు రెండోవైపు ఎందుకు తన్నుతుందని అడిగితే మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. నందికొండ డ్యాములో నీళ్లు కిందికి దూకి చక్రం తిప్పితే కరెంటు పుడుతుందట. ఆ కరెంటు మా మర్రిగూడ దిక్కు వచ్చి, మళ్లీ చక్రం తిప్పి, నీళ్లను పైకి ఎక్కిస్తుందట. ఇంత చుట్టు తిరుగుడు ఎవరు కనిపెట్టారా అనుకునేదాన్ని.

ఒక ఎండకాలం మోటరు కాలిపోయింది. వైండింగ్ చేయించి తెచ్చి, మా బాపే వైర్లు కలిపి బోరులోకి దింపించాడు. బటన్ నొక్కితే చిటికెన వేలంత ధార. చుట్టుపక్కల బోర్లు అప్పటికే ఒకటొకటే ఎండుతున్నాయి.

"మనది గూడ పోయింది బిడ్డా" అని బాపు అక్కడే కూలబడ్డాడు.

బత్తాయి తోట కళ్ల ముందు ఎండుతుంటే చూడలేనని, చెట్లు కొట్టే మనిషిని మాట్లాడాడు. నేను బడికి పోయే రోజుల్లో బిందెలతో నీళ్లు పోసి బతికించుకున్న చెట్లవి. నాకు ఏడుపు ఆగలేదు.

చెట్లు కోసే మిషన్ వచ్చిన పొద్దున, ఆఖరుసారి చూద్దామని బోరు కాడికి పోయి పైపు మీద చెయ్యి పెట్టి బటన్ నొక్కాను. ఎప్పుడూ నా వైపు తన్నే పైపు అవతలికి తన్నింది. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అవతలికే. తోట చివర మిషన్ మోగుతోంది. ఉరికాను.

"బాపూ, బోరు పోలే! మోటరు ఉల్టా తిరుగుతాంది, అందుకే నీళ్లు ఎక్కుతలేవు. జర ఆపమను."

"గిప్పుడేంది బిడ్డా గీ మాటలు?"

"ఒక్కపారి వచ్చి చూడు. నీళ్లు రాకపోతే కొట్టేయించు."

పిండిగిర్నిలో మోటరు ఉల్టా తిరిగితే రెండు వైర్లు అటుదిటు మార్చడం బాపు ఎన్నోసార్లు చూసినవాడే. అక్కడ కళ్ల ముందు తిరుగుతుంది కాబట్టి తెలుస్తుంది, ఇది భూమి లోపలాయె. మూడు వైర్ల కరెంటు వంతులవారీగా మోటరును లాగుతుందని, వంతు మారితే తిరుగుడు మారుతుందని నేను తర్వాత తెలుసుకున్నాను.

బాపు మిషన్ ఆపించి వచ్చి, ఫ్యూజులు పీకి, వైర్లు మార్చి, బటన్ నొక్కాడు. పైపు నిండా నీళ్లు దుంకాయి. నేను ఎగిరి గంతేశాను. బాపు మాత్రం తోట చివర నేల మీద పడి ఉన్న చెట్ల దిక్కే చూస్తున్నాడు.

"ఒక్క గడియ ముందు చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు.