గుఢియారీలో కాకా రేడియో దుకాణం

మా ఆయనది రైల్వే ఉద్యోగం. పెళ్లయ్యాక విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చేశాను. క్వార్టర్‌కి దగ్గర్లోని గుఢియారీ బజారులో, కుట్టుమిషన్ల కొట్టు పక్కన, ఇరుకైన రేడియో దుకాణం ఒకటి ఉండేది. ఓ రోజు మా ట్రాన్సిస్టర్ బాగుచేయించడానికి వెళ్తే, బల్ల మీది పెద్ద సెట్టులోంచి ఎవరో తెలుగులో మాట్లాడుతున్నారు. వైజాగ్‌లో కరెంటు పోయిందట, ఒకటే ఉక్కపోతట. వార్తలు కావవి. ఎవరో మామూలు మనిషి ఇంకో మనిషితో చెప్పుకుంటున్న కబుర్లు. వచ్చిన పని మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

దుకాణం ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి. తెలుగు ముక్క రాదు. నా మొహం చూసి స్టూలు ముందుకు జరిపాడు.

"బైఠో బేటీ. తుమ్హారీ బోలీ హై నా?" కూర్చోమని, అది మీ భాషే కదా అని అడిగాడు.

దాన్ని హామ్ రేడియో అంటారని, లైసెన్సు ఉంటే ఎవరైనా ఇంట్లోంచే అలా మాట్లాడుకోవచ్చని ఆయనే చెప్పాడు. ఊళ్లో ఆ సరదా ఉన్నవాళ్లందరికీ సెట్లు, తీగలు, విడిభాగాలు ఆ దుకాణంలోనే దొరికేవి. అందరూ ఆయన్ని కాకా, అంటే బాబాయ్, అనేవారు, నేనూ అలాగే పిలిచాను. చిన్న మోత, పెద్ద మోతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ నాకు బల్ల మీద స్క్రూడ్రైవర్‌తో కొట్టి నేర్పాడు. నేను వంటింట్లో గిన్నె మీద గరిటెతో సాధన చేస్తుంటే, "ఏటి, పప్పుక్కూడా పరీచ్చేనా?" అని మా ఆయన నవ్వేవారు. నాకు లైసెన్సు వచ్చిన రోజు కాకా బజారంతా పేడాలు పంచాడు.

ఏళ్లు గడిచాక, దుకాణంలో సెట్టు మోత పెరుగుతూ వచ్చింది. ఒకసారి ఇంటి నుంచి రేడియోలో ఎంత పిలిచినా ఆయన పలకలేదు. మర్నాడు అడిగితే "శోర్ బహుత్ థా", గరగర ఎక్కువగా ఉందని తల తిప్పుకున్నాడు. కానీ ఉరుములూ మబ్బులూ లేక ఆకాశం ఆ రోజు నిర్మలంగా ఉంది.

ఇంట్లోవాళ్లు కాకా చెవికి మిషన్ పెట్టించారు. ఫలితం లేకపోయింది. "ఆద్మీ కీ ఆవాజ్ టూట్ జాతీ హై" అన్నాడు. మనుషుల గొంతులు ముక్కలై వినిపిస్తున్నాయట. కొనడానికి వచ్చినవాళ్లు ఒకటి అడిగితే ఇంకొకటి ఇవ్వసాగాడు. చివరికి దుకాణం తీసేస్తున్నానని చెప్పాడు.

ఆఖరి రోజు నేను, మా ఆయన, ఆ రేడియో సరదా ఉన్న మరో ఇద్దరు - శంకర్ నగర్ నుంచి ఓ రిటైర్డ్ మాస్టారు, బీర్‌గావ్ నుంచి ఓ ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ - వెళ్లాం. అరలన్నీ ఖాళీ. పెద్ద సెట్టు ఒక్కటే మిగిలింది. దాని ప్లగ్గు పీకడానికి ఎవరికీ చేతులు రాలేదు. కాకా మా పెదవుల వంక చూస్తూ కూర్చున్నాడు.

నాకేం తోచిందో, స్పీకరు మీది జాలీ ఊడదీశాను. కాకా చెయ్యి పట్టుకుని, వేళ్లు లోపల మోతకు అదిరే కాగితం మీద ఆనించాను. ఎలక్ట్రీషియన్‌కి సంగతి అర్థమైంది. తన చిన్న సెట్టు తీసుకుని గల్లీలోకి వెళ్లి, అక్కడి నుంచి నిదానంగా కోడ్ కొట్టాడు.

కాకా వేళ్లు బిగుసుకున్నాయి. పెదవులు కదిలాయి.

"కే... ఏ... కే... ఏ..." ఒక్కసారి తలెత్తాడు. "కాకా! ముఝే బులా రహా హై!" నన్నే పిలుస్తున్నాడని అరిచాడు.

కళ్లు తుడుచుకోకుండానే కోడ్ కొట్టే మీట దగ్గరికి లాక్కున్నాడు. జవాబు ఎంత జోరుగా పంపాడంటే మాలో ఎవరికీ అందలేదు. "ధీరే కాకా, ధీరే!" అని మాస్టారు అరిచారు. ఆయనకు వినపడదని ఆ క్షణంలో ఎవరికీ గుర్తులేదు.

ఆ సెట్టు అమ్మలేదు. బీర్‌గావ్‌లోనే ఉన్న కాకా వాళ్లబ్బాయి ఇంటికి చేర్చాం, డాబా మీద ఎలక్ట్రీషియన్ తీగ కట్టాడు. దుకాణం చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ గల్లీలోంచి వెళ్తే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ మా ఆయన డ్యూటీకి వెళ్లాక నేను కోడ్‌లో పిలుస్తాను, కాకా స్పీకరు మీద చెయ్యి వేసుకుని పలుకుతాడు. నిన్న, ఇడ్లీ గట్టిగా వస్తోందని కోడలు బాధపడుతోంది, ఏం చేయాలని అడిగాడు. పిండి ఇంకాస్త పులియనివ్వమని నిదానంగా కొట్టి చెప్పాను.