పేరు కొట్టించని క్యారేజీ

నా గుండె పగిలిన చోటికి నేనిప్పటికీ నెలకోసారి వెళ్ళి బ్యాటరీల్లో నీళ్ళు పోసి వస్తుంటాను. చోటంటే కోటబొమ్మాళిలో ఒక మేడ మీది రేకుల గది. అందులో మా ఇంటర్నెట్ కంపెనీ రూటరు, ఇన్వర్టరు, ఒక విరిగిన కుర్చీ ఉంటాయి. కుర్చీ నాకంటే ముందే విరిగింది. దానికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఆమె, నేను విజయనగరం ఆఫీసులో ఒకే రోజు చేరాం. వాళ్ళది ఆ ఊళ్ళోనే స్టీలు సామాన్ల కొట్టున్న ఉమ్మడి కుటుంబం. మాది రామతీర్థం దగ్గర వరి పండించే ఇల్లు. మా నాన్న ఏ మాటైనా గట్టు మీంచే అరిచి చెప్పేస్తాడు, అవతలివాడు వినదలచుకున్నా లేకపోయినా.

కోటబొమ్మాళి నుంచి పాతపట్నానికి కొత్త లింకు వేసిన రోజు ఆమె పాతపట్నంలో ఒక మేడ మీద, నేను కోటబొమ్మాళి గదిలో. రూటర్లు ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. తర్వాత తమకు తెలిసిందంతా చెప్పుకుంటాయి. చెప్పుకోవడం పూర్తయితే తెర మీద ‘ఫుల్’ అని పడుతుంది. ఆమె ఫోన్ చేసింది.

“నీకేటి సూపిస్తన్నాది?”

“ఫుల్.”

“నాకూ ఫుల్లే. మరి రూట్లేవిరా?”

“ఒక్కటీ నేదు.”

“ఫుల్లయితే రావాల గదా!”

“బ్రాందీ షాపు కాడ ఫుల్లయినోడు ఇంటికి దారి సెప్పగలడేటి?”

“ఏడిశావులే. నీ పక్క లింకు రకం ఏటి పెట్టేవో సూసి సెప్పు.”

పాయింట్ టు పాయింట్ అని పెట్టాను. ఉన్నది ఇద్దరమే కదా. ఆమె తన వైపు తెర చూసుకుంది. “నానేటీ పెట్టనేదు. ఉన్నది ఉన్నట్టు ఒగ్గీసేను,” అంది.

అదీ సంగతి. ఏమీ పెట్టకుండా వదిలేస్తే ఆ తీగ మీది రూటరు తన చుట్టూ పదిమంది ఉన్నారనే అనుకుంటుంది. పదిమందీ పదిమందితో మాట్లాడితే గోల కాబట్టి ఒక పెద్దను ఎన్నుకుంటారు. అందరూ ఆయనకే చెబుతారు, ఆయన అందరికీ చెబుతాడు. మిగతావాళ్ళు ఒకరికొకరు కనిపిస్తారు, పలకరించుకుంటారు, అక్కడితో సరి. అది జబ్బు కాదు, పద్ధతి. తర్వాత ఎంత గొప్ప రూటరు వచ్చి చేరినా ఉన్న పెద్ద దిగడు. ఇద్దరే ఉన్న చోట మాత్రం పెద్ద అక్కర్లేదు. ఒకవైపు పెద్ద ఉన్నాడనీ, ఇంకోవైపు లేడనీ పెడితే మాలాగా అవుతుంది. పలకరింపులు నడుస్తాయి, రెండు వైపులా ఫుల్ అనే ఉంటుంది. కానీ వీళ్ళు గీసుకున్న దారుల పటం వాళ్ళ పటంతో కలవదు. దారి పుట్టదు.

ఆమె ఒక్క లైను మార్చింది. దారులన్నీ వచ్చేశాయి. “అంతేరా! అంతే!” అని ఫోన్లో అరిచింది. ఆ అరుపు కోసం తర్వాత బాగున్న లింకుల్ని కూడా బాగుచేయడానికి వెళ్ళేవాణ్ణి.

తిరుగు బస్సుల్లో ఆమె నాకు మిగతా రకాలు చెప్పేది. ఒక రకం నెట్‌వర్కులో పలకరింపు గాల్లోకి విసిరితే ఎవరికీ అందదట. అవతలివాడు ఎవరో మన చేత్తో రాసి పెట్టుకోవాలి. రాయకపోతే పక్కనే ఉన్నా లేనట్టే. “నీ పేరు నాను రాసీసేన్లే,” అంది ఒకరోజు, కిటికీలోంచి బయటికి చూస్తూ. అది పాఠం కాదని నాకు అర్థమయ్యేసరికి బస్సు రెండు స్టాపులు దాటింది.

ఇక మిగిలింది వాళ్ళింట్లో చెప్పడం. వాళ్ళింటికి పెద్ద వాళ్ళ పెదనాన్న. ఆ ఇంట్లో ఆమె తల్లీ తండ్రీ కూడా ఒకరినొకరు టిఫిన్ తిన్నావా అని అడుగుతారు, అంతకు మించిన మాటేదైనా ఆయన చెబితేనే తెలుసుకుంటారు. ఆమె పద్ధతి ప్రకారం వెళ్ళి ఆయనకే చెప్పింది. ఆయన కాఫీ తెప్పించి ఆమెకిచ్చి, మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నాడట. “సరే తల్లీ, నాను సూసుకుంటాను,” అన్నాడట.

మర్నాడు ఆయన ఇంటిల్లిపాదికీ ఒక మాట చెప్పాడు. శుక్రవారం పార్వతీపురం నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారని. మా మాట ఎవరికీ చెప్పలేదు. విన్నది తన దగ్గరే ఉంచేసుకునే పెద్ద గురించి మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

నేను కోటబొమ్మాళి గదిలో బ్యాటరీల మూతలు తీసి ఉండగా ఆమె ఫోన్ చేసింది.

“అమ్మకి సెప్పేనురా.”

“ఏటందీ?”

“‘పెదనాన్న సెప్పనేదు గదే?’ అంది.”

“నాన్నకి సెప్పు.”

“సెప్పేను. నాన్నా అదే అన్నాడు.” తనే మళ్ళీ అందుకుంది. “నీకు అర్థం అవుతన్నాదా? వాళ్ళకి కోపం నేదురా. వాళ్ళకి... ఆ మాట రానేదంతే.”

ఇలాంటప్పుడు సినిమాల్లో వాన పడుతుంది. నాకు చేతి మీద యాసిడ్ పడింది. కళ్ళ నీళ్ళకు ఒక సాకు దొరికిందని సంతోషించాను.

మా నాన్నకు చెబితే, “ఎల్లి అడిగీరా, నోరు నేదేటి?” అన్నాడు. మా ఇంట్లో అది సరిపోయే సలహా. వాళ్ళ కొట్టుకు వెళ్ళాను. పెదనాన్న గల్లా దగ్గర ఉన్నాడు.

“మీ అమ్మాయితో పని సేస్తన్నానండి,” అన్నాను.

“తెలుసు బాబూ, కూకో. మా పిల్ల అంతా సెప్పింది.”

కూర్చున్నాను. ఆ తర్వాతి మాట కోసం చూశాను. ఆయన వెనక్కి తిరిగి అరలోంచి మూడు గిన్నెల క్యారేజీ తీసి, పై పంచెతో తుడిచి నా ముందు పెట్టాడు.

“ఊళ్ళంట తిరిగే ఉద్యోగం. మంచి గిన్నెల్లో తిను. నీకయితే తగ్గించి ఇస్తాన్లే.”

ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే నేను గెలిచేవాణ్ణి, వెటకారం నా సబ్జెక్టు. నోట్లో ఉన్న ఆమె పేరు నోట్లోనే ఉండగా ఆయన పేర్లు చెక్కే మిషను చేతిలోకి తీసుకున్నాడు. అది జుయ్యిమంది.

“పేరేటి కొట్టమంటావు?”

“వద్దండి.”

“పేరు నేకపోతే పదిమందివాటిలో కలిసిపోతాది బాబూ.”

“పర్వానేదండి.”

“పిల్లనడగమంటే క్యారేజీ అట్టుకొచ్చేవేట్రా?” అన్నాడు మా నాన్న. నా మొహం చూశాక మరి అరవలేదు. గిన్నెలు తనే కడిగి బోర్లించాడు.

శుక్రవారం పార్వతీపురం వాళ్ళు వచ్చారు, పిల్ల నచ్చింది. ఆమె ఉద్యోగం మానేసింది. పాతపట్నం రూటరులో ఆమె మార్చిన ఆ లైను ఇంకా అలాగే ఉంది. లింకు ఒక్కరోజు కూడా పడిపోలేదు.

ఆఫీసులో మధ్యాహ్నం అందరి క్యారేజీలూ ఒకే బల్ల మీద పెడతాం. అన్నిటికీ పేర్లున్నాయి, అయినా రోజూ ఎవరిదో ఒకటి మారిపోతుంది. నాది మాత్రం ఎవరూ పొరపాటున కూడా తీసుకోరు. పేరు లేనిది అదొక్కటే.