గుడారం తెరలు ఎన్ని మూరలు

ఆ రోజుల్లో దేవుడికి నా సంగతి తప్ప వేరే పనే లేదని నా గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ళు, సికింద్రాబాదులో మిషన్ బడి టీచరు కొలువు, అమ్మేమో బెజవాడలో. రజాకార్ల భయానికి బడి మూసేశారు, హాస్టలు ఖాళీ అయింది, ఉత్తరాలు ఆగిపోయాయి. అంత పెద్ద ఆవరణలో మిగిలింది నేనూ, వంటచేసే బూబమ్మా. వరండాలో నా చెప్పుల చప్పుడు నాకే వినిపించి ఏడుపొచ్చేది. "మౌనంగా కనిపెట్టుకుని ఉండమ్మా, దేవుని స్వరం తెలుస్తుంది" అని చెప్పి చర్చి అయ్యగారు కూడా ఊరు వెళ్ళిపోయారు. మౌనానికేం కొదవ? స్వరమే రాలేదు.

పోలీసు యాక్షన్ అయిపోయి, రైళ్ళు మళ్ళీ నడుస్తున్నాయని తెలిసింది. అమ్మ దగ్గరికి పోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ భయపడే వంతు ఇప్పుడు ముస్లిములది, మా బూబమ్మది. బీదరు వైపు వెళ్ళిన కొడుకు జాడ లేదు. గేటు దగ్గర ఎవరు దగ్గినా వంటింటి తలుపు వేసుకునేది. ఆమెను వదిలి వెళ్ళడమెలా? నిర్ణయం దేవుడి నెత్తిన పెట్టాను. మా ఇళ్ళలో ఉన్న పద్ధతే: కళ్ళు మూసుకుని బైబిలు తెరిస్తే, వేలు పడ్డ వాక్యమే జవాబు. తొలిరోజు నా వేలు ఎడారి దారిలో దేవుడికి వేసే గుడారం తెరలు ఎన్ని మూరలుండాలో చెప్పేచోట పడింది. రెండోరోజూ అక్కడే. ఐదోరోజూ అక్కడే! (గుడారమంటే ప్రయాణమే కదా. ఇంత తెలివి పరీక్షల్లో ఏమైందో!) పరుపుచుట్ట కట్టేసి, కృతజ్ఞతగా మోకరించానో లేదో, రోజూలాగే వంటింట్లోంచి బూబమ్మ కేక.

"అన్నం సల్లారుతున్నది, జెల్ది రా బిడ్డా!"

"ష్! దేవుడి మాట వినపడనివ్వవు కదా" అని విసుక్కుంటూ, బైబిలు పట్టుకునే వెళ్ళి, ఐదురోజుల మహిమా ఆమెకు వినిపించాను.

ఆమె ఆ పేజీ వంక చూసింది. "ఏందీ, గీడ్నే గదా మీ అమ్మ ఉత్తరాలన్నీ కుక్కి పెట్టుకున్నవ్, పోయిన వారం పెట్టెల ఏసేదాంక? గీ పసుపు మరక నా చేతిదే. కితాబు గిక్కడ్నే తెరుసుకోక ఏం జేస్తది?"

నిజమే. ఐదురోజులూ పలికింది నా బెంగేనన్నమాట!

"అయినా పో బిడ్డా. తల్లి పరేషాన్ అయితది. నాకేం తక్లీఫ్ లేదు" అంటూ పప్పు వడ్డించింది. చూపు గేటువైపే ఉండి సగం నేలపాలయింది. ఆమె ముందు పళ్ళెం లేదు.

"నువ్వు తినవా?"

"రేపటి సంది ఒక్కదాన్నే తినుడు గదా. ఇయ్యాల నువ్వు తింటుంటె జెర సూడనీ."

కలుపుకున్న ముద్ద అలాగే వదిలేశాను. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. లేచి ఆమెకో పళ్ళెం పెట్టి, పోయి పరుపుచుట్ట విప్పేశాను.

ఇప్పట్లో రానన్న నా ఉత్తరం చూసి అమ్మ "నీకు మతిపోయిందా" అని తిరుగుటపాలో తిట్టిపోసి, రెండు వారాలకు ఆవకాయ జాడీతో తనే దిగింది. బూబమ్మ కొడుకు తిరిగొచ్చేదాకా ముగ్గురం ఆ వంటింట్లోనే తిన్నాం.

ఇప్పుడు అల్వాల్లో ఒక్కదాన్నే. మోకాళ్ళు వంగవు, ప్రార్థనంతా కుర్చీలోనే. మౌనం కావలసినంత, మధ్యలో కేకేసేవాళ్ళు లేరు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి నా చెవి వంటింటివైపే పోతుంది. రోజూ పేరుపెట్టకుండా, "బిడ్డా" అని అన్నానికి పిలిచిన స్వరాన్ని పట్టుకుని "ష్" అన్న ఆ మొద్దుపిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. తర్వాత నన్ను నేనే పిలుచుకుని, లేచి వెళ్ళి, చల్లారిన అన్నం తింటాను.