పదమూడో వేలు

ఆ ల్యాబులో ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఎదురుగా ఉంటే మేడమ్ అనేవారు, అటు తిరగ్గానే కదలొద్దమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. బల్ల మీద మీటరు వెలిగించిందంటే చాలు, "కదలొద్దు!" అని ఒక్క కేక వేసేది. టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళినవాడి చెయ్యి అక్కడే ఆగిపోవాలి. కుర్చీ లాగబోయి వంగినవాడు వంగినట్టే ఉండాలి. మండే ఎండల్లో కూడా ఫ్యాను కట్టేయించేది. గదంతా చెమటలు కక్కుతూ తిట్టుకునేది, ఆమె మాత్రం ముల్లు వంక చూస్తూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది.

ఆమె కొలిచే కరెంటు అలాంటిది మరి. వాళ్ళు తయారు చేస్తున్నది అరచేతిలో ఇమిడే మిషను. వేలు పొడిచి చుక్క రక్తాన్ని సన్నటి పట్టీకి అంటిస్తే, ఒంట్లో చక్కెర ఎంతుందో అంకె చూపించాలి. పట్టీ మీద పూసిన ఎంజైము రక్తంలోని చక్కెరతో కలిసి రవ్వంత కరెంటు పుట్టిస్తుంది. చక్కెర ఎక్కువైతే కరెంటూ ఎక్కువవుతుంది. రవ్వంత అంటే, మామూలు బల్బులో పారేదాంట్లో లక్షో వంతు. పక్కన ఎవరైనా చెయ్యి ఊపినా ఆ ముల్లు ఉలిక్కిపడుతుంది.

పట్టీలు తయారు చేసేది ఇంకు సారు. వెండి ఇంకూ బొగ్గు ఇంకూ పలచగా అచ్చువేసి, ఆరబెట్టి, వాటి మీద ఎంజైము పూయడం ఆయన పని. చొక్కా జేబు ఎప్పుడు చూసినా నల్లగా ఉండేది. ఆయనకీ ఈమెకీ క్షణం పడదు. అంకె కాస్త అటూ ఇటూ అయితే ఆయన "మీ సర్క్యూటు చూసుకోండి" అంటాడు, ఈమె "మీ ఇంకు చూసుకోండి" అంటుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఒకరు సెలవు పెడితే మాత్రం రెండోవారికి ఆ రోజు పొద్దుపోదు.

ఊపిరి బిగబట్టడం ఆమెకి పుట్టింటి చదువు. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెంట్రుకంత స్ప్రింగు పట్టుకున్నాడంటే, ఎదురుగా కూర్చున్న పిల్ల గట్టిగా గాలి పీల్చకూడదు. తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తాల్సిందే. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, ఆరేళ్ళు తూకం మిషన్ల రిపేరు, చివరికి ఈ ల్యాబు.

చేరిన కొత్తలో ముల్లు ఒక్క క్షణం కుదురుగా నిలబడలేదు. కింది అంతస్తులో కుట్టుమిషన్ల కార్ఖానా ఉంది. ఆ మోటార్ల రొదంతా వైర్లలో దూరిపోతోందని ఆమె కనిపెట్టింది. సర్క్యూటుని రేకు డబ్బాలో పెడితే ఆ రొద లోపలికి రాదు. డబ్బా కొనమని కాగితం పెడితే నెల పడుతుందన్నారు. మర్నాడు ఇంట్లో అత్తగారి బొత్తాల డబ్బా మాయమైంది.

"బొత్తాలెక్కడ పోసుకోనే, నా నెత్తినా?" అని అత్త ఇల్లు పీకి పందిరేసింది. విషయం తెలిశాక మాత్రం, కనిపించిన వాళ్ళనల్లా ఆపి, "మా కోడలు నా డబ్బాలోనే రక్తం కొలిచే మిషను పెట్టింది తెలుసా?" అని చెప్పుకుంది. ఆ డబ్బా ఇప్పటికీ ల్యాబులోనే ఉంది, మూత మీద గులాబీలు సగం చెరిగిపోయి.

ల్యాబులో ఒక అలవాటు ఉండేది. ప్రతి సోమవారం పొద్దున్నే అందరూ వరసగా నిలబడి వేలు చాపాలి. పెద్దసారుతో సహా మొత్తం పన్నెండు మంది. కొత్త పట్టీలకి ఆ పన్నెండు వేళ్ళ రక్తమే పరీక్ష. చక్కెర ఎక్కువున్న రక్తం కావాలంటే, అదే రక్తంలో కొలిచి చక్కెర కలిపేవారు. వచ్చిన అంకెల్ని మూల గదిలోని పెద్ద మిషను అంకెలతో పోల్చేవారు. ఈ ఏడాది ఆ రెండూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఇక నలభై మిషన్లు నర్సుల చేతికివ్వడమే మిగిలింది. వాళ్ళు ఇంటింటికీ తీసుకెళ్ళి చూస్తారు. ఆ అంకెని బట్టి డాక్టర్లు మాత్రలు పెంచుతారు, తగ్గిస్తారు.

పరీక్షలన్నీ ముగిసేదాకా మిషను గడప దాటకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. అయినా కదలొద్దమ్మ ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. అత్తయ్యకి ఎనిమిదేళ్ళుగా చక్కెర జబ్బు, ఆస్పత్రి మెట్లెక్కాలంటే ఆయాసం, అందుకని తెచ్చానని తనకి తాను చెప్పుకుంది. అసలు సంగతి అది కాదు. వండిన చెయ్యి ఇంట్లోవాళ్ళకి ఓ ముద్ద పెట్టకుండా ఊరుకోలేదు, అంతే.

అత్తకి డెబ్బై దాటాయి. ఉఫ్ అంటే ఎగిరిపోయేలా ఉంటుంది కానీ నోరు మాత్రం గట్టిది. రోజూ పొద్దున్నే వేలు చాపడం, వచ్చిన అంకెని గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో వేసుకోవడం ఆమెకి కొత్త కాలక్షేపమైంది. నూట ముప్ఫై ఎనిమిది. నూట నలభై నాలుగు. నూట నలభై ఒకటి.

"కాస్త ఎక్కువే ఉంది అత్తయ్యా, వచ్చే నెల డాక్టరు దగ్గరికెళ్దాం," అనేది కోడలు.

"వెళ్దాంలే, తొందరేముంది," అనేది అత్త.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున మొగుడు లేత్ వర్క్‌షాపులో డ్యూటీకి వెళ్ళాడు. కదలొద్దమ్మ బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అత్త వంటింటి గోడకి జారబడి కూర్చుని ఉంది. నుదుటి నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. పలకరిస్తే ముద్దముద్దగా ఏదో అంది.

కోడలు పరుగెత్తి మిషను తెచ్చి వేలు పొడిచింది. డెబ్బై ఆరు. డెబ్బైకి దిగనంతవరకూ భయం లేదని ఆమెకి తెలుసు. అంటే మిషను లెక్కన అత్తయ్య బాగానే ఉంది. అత్తయ్య చెయ్యి మాత్రం మంచుగడ్డలా ఉంది.

ఆ వంటింట్లో, మిషను ఒక చేతిలో, అత్త చెయ్యి ఇంకో చేతిలో పట్టుకుని, ఆమె ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. నాలుగు క్షణాలు కూడా అయి ఉండవు. కానీ పదకొండేళ్ళ పని ఒకవైపూ, కళ్ళ ముందు మనిషి ఒకవైపూ నిలబడ్డ క్షణాలవి. మిషను నేల మీద పెట్టేసింది. గ్లాసులో గుప్పెడు పంచదార పోసి, నీళ్ళు కలిపి, కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంటకి అత్త కళ్ళలోకి వెలుగొచ్చింది.

"ఇంత తియ్యగా ఏం పోశావే, నాకు చక్కెర జబ్బని మర్చిపోయావా?" అంది. కోడలు ఏడవలేక నవ్వింది.

అత్త కాస్త తేరుకున్నాక కోడలు నిలదీసింది. అత్త నోటినుంచి ఒక్కొక్కటే బయటికొచ్చింది. అంకె దిగడంలేదని పది రోజులుగా రాత్రిపూట భోజనం మానేసింది. కోడలు కంచం పెట్టి పక్కకి వెళ్ళగానే తీసేసేది. పైగా మాత్రకి ఇంకో అర మాత్ర కలిపి వేసుకుంటోంది.

"డాక్టర్నడక్కుండానా?"

"అడుగుదామనే బుధవారం పక్కింటావిడతో ఆస్పత్రికెళ్ళి రక్తమిచ్చొచ్చాను."

"మరి రిపోర్టేది?"

అత్త లేచి, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక కాగితం తీసింది. "వాళ్ళే ఏదో తప్పుచేసుంటారు. నీ మిషన్ని తప్పుపట్టేలా ఉందని దాచాను. వీధంతా చెప్పుకున్నాను కదే, మా కోడలు చేసిందీ అని," అంది.

కాగితంలో చక్కెర నూట ఆరు. అదే బుధవారం, అదే గంటకి, క్యాలెండరు మీద పెన్సిలుతో నూట ముప్ఫై తొమ్మిది. తన మిషను తప్పు చెప్పినందుకు వచ్చిన బాధ ఒక ఎత్తు. ఆ తప్పు అంకెని నమ్మి ఈ ముసలావిడ పస్తులుందన్న బాధ ఇంకో ఎత్తు. కదలొద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. కాగితం మడవబోతూ కింది వరస చూసింది. హిమోగ్లోబిన్ ఏడూ పాయింటు ఎనిమిది. ఆడవాళ్ళకి పన్నెండుకి తగ్గకూడదు. ఒంట్లో రక్తం ఎప్పుడో పలచబడిపోయింది, ఇంట్లో ఒక్కరూ గమనించలేదు. మిషను తప్పింది అందుకేనేమోనని ఆమెకి తట్టింది.

సోమవారం బస్సులో ఆమె రెండు రకాలుగా మాటలు కూడబలుక్కుంది. ఎందుకో అనుమానంగా ఉంది, మళ్ళీ చూద్దాం అనడం ఒక రకం. అలా అంటే మిషను ఇంటికి తెచ్చిన సంగతి బయటపడదు, కానీ ఒట్టి అనుమానానికి పెద్దసారు నలభై మిషన్లు ఆపడు. గురువారమే అవి నర్సులకి వెళ్ళాలి. జరిగింది జరిగినట్టు చెప్పడం రెండో రకం. ఆ నర్సులు తలుపు తట్టబోయే ఇళ్ళలో మంచం పట్టిన వాళ్ళూ, చిక్కిపోయిన ముసలివాళ్ళూ, పచ్చి బాలింతలూ ఉంటారు. అందరిదీ పలచబడ్డ రక్తమే. వాళ్ళకి పంచదార నీళ్ళు పట్టడానికి పక్కన ఎవరుంటారు?

ముందు ఇంకు సారు దగ్గరికెళ్ళింది. ఆయన అలవాటు ప్రకారం, "మీ సర్క్యూటు..." అనబోయాడు.

"సర్క్యూటే అయితే బాగుండుననే రాత్రంతా అనుకున్నాను సార్. పొద్దున్నే వచ్చి చూశాను. తేడా లేదు," అంది.

ఆమె గొంతు విని ఆయన మరి వాదించలేదు. ఆమె చెయ్యి చాపి ఒక గొట్టం నిండా తన రక్తం తీయించుకుంది. ఎర్ర కణాలు అడుక్కి దిగేలా తిప్పించి, పైన తేలిన పలచటి నీరు అటూ ఇటూ మార్చి, మూడు గొట్టాలు తయారు చేశారు. ఒకటి చిక్కన, ఒకటి మామూలు, ఒకటి పలచన. మూడింట్లో చక్కెర ఒక్కటేనని పెద్ద మిషను చెప్పింది. తర్వాత వాళ్ళ మిషను పెట్టారు. తొంభై ఒకటి. నూట మూడు. నూట ముప్ఫై.

గదిలో అందరూ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. ఆ రోజు ఎవరికీ కదలొద్దని చెప్పాల్సిన పని లేకపోయింది.

కణాలు తక్కువైతే చక్కెర పట్టీ మీదికి తొందరగా చేరుతుంది, కరెంటు ఎక్కువ పుడుతుంది. ఇది వాళ్ళకి తెలియంది కాదు, పుస్తకాల్లో ఉన్నదే. పన్నెండు మందీ చూసుకుంటూ పోయింది చక్కెరని మాత్రమే. అన్ని సోమవారాలూ తిన్నవాళ్ళ రక్తం, ఉద్యోగం చేసుకునేవాళ్ళ రక్తం, మెట్లెక్కి రాగలిగినవాళ్ళ రక్తం. జబ్బుమనిషి వేలు ఆ వరసలో ఒక్కసారీ నిలబడలేదు.

"ఇంకు కాదు, సర్క్యూటు కాదు. మనమే," అన్నాడు ఇంకు సారు. ఆయన ఆమె పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి.

పెద్దసారు మూడంకెలూ విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడీ అనుమానం ఎందుకొచ్చిందమ్మా?"

"మిషను మా ఇంటికి తీసుకెళ్ళాను సార్. మా అత్తగారు దాన్ని నమ్మి చావుదాకా వెళ్ళొచ్చారు."

"గడప దాటకూడదని రాసుంది కదా?"

"రాసుంది సార్. దాటించాను."

ఆయన నలభై మిషన్లూ ఆపేశాడు. ఆమె ఫైల్లో ఒక మందలింపు కాగితమూ పెట్టించాడు. రెండూ న్యాయమేనని ఆమెకి అనిపించింది. ముందు రాత్రి రాని నిద్ర ఆ రాత్రి పట్టింది.

తర్వాత ఐదు నెలలు పట్టింది. చక్కెర కొలిచే ముందు చుక్కలోకి క్షణంలో వందో వంతు సేపు ఇటూ అటూ ఊగే చిన్న కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో చూసి, రక్తం చిక్కదనం కనిపెట్టే సర్క్యూటు ఆమె కట్టింది. ఆ లెక్క ప్రకారం మిషను తన అంకెని తనే సరిదిద్దుకుంటుంది. చెప్పడానికి రెండు ముక్కలే కానీ, ఆ ఐదు నెలలూ ఫ్యాను తిరిగింది తక్కువ. ఈలోగా అత్త డాక్టరు రాసిచ్చిన ఇనుము మాత్రలు మింగి, రెండు పూటలా తిని, కోడలి మీద అరిచేంత బలం తెచ్చుకుంది. రక్తం మాత్రం ఇంకా పలచగానే ఉంది, తొమ్మిది దగ్గర ఆగింది.

పెద్దసారు ఆస్పత్రితో మాట్లాడి, ఒప్పుకున్న జబ్బుమనుషుల్ని సోమవారం వరసకి పిలిపించే ఏర్పాటు చేశాడు. సంతకాలు పెట్టించిన మొదటి కాగితం అత్తదే. పదమూడో వేలు.

ఆ సోమవారం అత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గులాబీల డబ్బా చూసి, "నా బొత్తాలింకా గిన్నెలోనే ఉన్నాయి," అని అందరికీ వినపడేలా అంది. ఆస్పత్రిలో గంట కిందట తీసిన రక్తం రిపోర్టు ఆమె చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"ముందు నీ మిషన్ని చెప్పనీ," అంది కోడలితో.

కదలొద్దమ్మ సూది తీసింది. ఎన్ని వందల వేళ్ళు పొడిచిందో లెక్కలేదు. ఈ వేలు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి వణికింది. దాచుకుందామన్నా దాగలేదు. అత్త రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

"కదలొద్దు," అంది.

గదంతా గొల్లున నవ్వింది. ఇంకు సారు అందరికంటే ఎక్కువ నవ్వాడు. చుక్క పట్టీకి అంటింది. నూట పదకొండు. అత్త కాగితం తిప్పింది. నూట ఎనిమిది. పెద్దసారు రెండంకెలూ పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరో ఫ్యాను వేశారు.

అత్త ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోడలి చేతిలో ఉంచింది.

"ఇది నీ దగ్గరే పెట్టుకో. రేపెప్పుడైనా తేడా వస్తే నేను మళ్ళీ దాచేస్తాను," అంది.