తూర్పు పైన పెట్టిన పటం

మా దేవమణి వదిన ఖరగ్‌పూర్ రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో పటాలు గీసి గీసి తొంభై రెండులో రిటైరైంది. ఇక ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో ఇంటిపట్టున సుఖంగా కూర్చుంటుందనుకున్నాను. నా పిచ్చి గానీ, ఆవిడ కూర్చునే మనిషా? చర్చివాళ్లు అడిగారని ఝార్‌గ్రామ్ వైపు ఒక సంతాల్ గిరిజనుల ఊరికి వెళ్లి, అక్కడి ఆడవాళ్లకు ఊరి పటం గీయడం నేర్పసాగింది. మూడుకాళ్ల చెక్కబల్ల, టేపు, దిక్సూచి మోసే భాగ్యం మాత్రం మరదలినైన నాది.

ఆ ఊళ్లో వాళ్ల దేవతలుండే సాల్ చెట్ల తోపు ఉంది. అది ఉత్త బంజరని చెప్పి, మొరం మట్టి తవ్వుకోవడానికి ఎవరో కాంట్రాక్టరు అర్జీ పెట్టాడు. తోపు ఎక్కడుందో ఊరివాళ్లే బ్లాకు ఆఫీసులో పటం మీద చూపించాలి. చూపించలేకపోతే చెట్లు పోయినట్టే.

ఆడవాళ్లు ఊరంతా కొలిచారు. వదిన దగ్గరుండి గీయించింది. తీరా విచారణకు ముందురోజు, అందరిలో చురుకైన ఫూల్మణిని పటంలో తోపు చూపించమంటే చెరువు మీద వేలు పెట్టింది!

"ఏటే ఇది సుజాతా! ఇన్నాళ్లు నేర్పిందంతా గాలికి పోనాదా?" అని వదిన నా మీద విరుచుకుపడింది. ఆ పిల్ల మీద అరవడానికి నోరు రాలేదు మరి, నేను దొరికాను.

ఫూల్మణి తల దించుకుని బెంగాలీలో చెప్పింది. "మేం దారి చెప్పాలన్నా, హద్దు చెప్పాలన్నా పొద్దు పొడిచే దిక్కుకి తిరిగి చెబుతాం దీదీ. ఈ కాగితం మీద తూర్పు పక్కకెళ్లిపోయింది."

"తూర్పు పైన పెట్టి గీసేస్తే పోద్ది కదా వదినా?" అన్నాను.

"ఉత్తరం పైన లేకుండా నా సర్వీసులో ఒక్క పటం గియ్యనేదు," అని సణుగుతూనే కొత్త కాగితం బిగించింది. ఎవరినీ ముట్టుకోనివ్వని తన పెన్సిలు ఫూల్మణి చేతికిచ్చింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మర్నాడు ఆఫీసరుగారు పటం చూసి మొహం చిట్లించారు. "ఉత్తరం పైన ఉండాలి కదా! ఎవరు నేర్పారు వీళ్లకి?"

వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఉత్తరం మాటొస్తే ఆవిడ ఎవరి పక్షమో ప్రభువుకే తెలియాలి.

"నేనే నేర్పాను," అంది వదిన.

ఆ వెంటనే ఫూల్మణి నోరు విప్పింది. "బాబూ, మీరోసారి ఇటొచ్చి మా పక్కన పొద్దు పొడిచే దిక్కుకి తిరిగి నిలబడండి."

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఈసారి ఫూల్మణి వేలు తిన్నగా తోపు మీదికి వెళ్లింది. అక్కడ తవ్వడానికి వీల్లేదని ఆయన అప్పటికప్పుడే చెప్పేశారు.

బయటికొచ్చాక వదిన మెట్ల మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"సూసినావేటే, ఆఫీసర్నే కుర్సీలోంచి లేపేసినాది నా పిల్ల!"